ఏడో బండి చుక్క

అంబులెన్సుల డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఖరారు మావయ్యే. ఏ మెషీన్ బాగుచేసినా మూత మూసి, మీద రెండుసార్లు తట్టి, "ఖరారు" అనేవాడు. ఆయనా మాటన్నాక ఇంక దానికి తిరుగులేదు. డ్రైవర్లు కళ్లు మూసుకుని పట్టుకెళ్లేవాళ్లు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి, నమ్మక ఏం చేస్తారు?

ఆయన చేతికిందికొచ్చేవి మామూలు లాప్‌టాప్‌లు కావు. బండిలో డ్రైవర్ పక్కన బిగించే దిట్టమైన రకం. కింద పడ్డా, వానకి తడిసినా చావవు. లోపలే జీపీఎస్ ఉంటుంది. బండి ఎక్కడుందో తెరమీద ఆకుపచ్చ చుక్కగా చూపిస్తుంది. అదే చుక్క కంట్రోల్ రూములోనూ కనిపిస్తుంది. ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి ఫోన్ చేస్తే, దగ్గర్లో ఉన్న చుక్క ఏదో చూసి ఆ బండిని పంపుతారు.

ఆ జీపీఎస్‌ని పరీక్షించడానికి ఆయనకో పద్ధతుంది. మెషీన్ని ఆవరణలో బల్లమీద పెట్టి, ఆన్ చేసి, టీకి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి చుక్క డిపో మీద ఉంటే ఖరారు. "దాని మొహం చూస్తూ కూర్చుంటే తొందరగా పనిచేస్తుందా ఏంటి?" అనేవాడు. నిజమే కదా అని అందరూ నవ్వేవాళ్లు. నేనైనా నవ్వుదును.

మూడేళ్ల కిందట ఏడో బండి నడిపింది ఆయన చెల్లెలి మొగుడు. బావా అంటే బావా అనుకునేవాళ్లిద్దరూ. భోజనాల దగ్గర చేరారంటే పక్కవాళ్ల పొట్టలు చెక్కలయ్యేవి. అలాంటి మనిషి నెత్తిన ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. కాలనీలో ఒక వడ్రంగికి గుండెనొప్పి వచ్చింది. కంట్రోల్ రూము తెరమీద ఏడో బండి చుక్క కాలనీ గేటు దగ్గరే ఉంది, రెండు నిమిషాల దారి. అందుకని ఆ బండినే పంపారు. అది చేరేసరికి పంతొమ్మిది నిమిషాలైంది. వడ్రంగి అప్పటికే పోయాడు.

విచారణలో బావ ఒకటే మాట చెప్పాడు. పొద్దున కాలనీ గేటు దగ్గర ఒకావిడని దించాడట. అక్కడ మెషీన్ బిగుసుకుపోతే ఆపేశాడట. తర్వాత డీజిల్ కోసం వంతెన అవతలి బంకుకి వెళ్లి, వరసలో ఉండగా మళ్లీ ఆన్ చేశాడట. అంతలోనే కబురొచ్చింది, డీజిల్ పోయించుకోకుండానే పరిగెత్తాడు. "మరి రసీదేది?" అన్నారు పెద్దలు. పోయించుకోనివాడికి రసీదెక్కణ్ణుంచి వస్తుందండీ? చివరికి మెషీన్ చెప్పేదే సాక్ష్యమని దాన్ని ఖరారు మావయ్య బల్లమీదికి పంపారు.

ఆయన ఆన్ చేసి, టీ తాగొచ్చి చూశాడు. చుక్క డిపో మీద నిక్షేపంగా వెలుగుతోంది. బావ కోసం మనసు పీకింది. అయినా సొంతమనిషని అబద్ధం రాయకూడదనుకున్నాడు. మెషీన్ బాగుంది అని రాసి సంతకం పెట్టాడు.

బావ ఉద్యోగం పోయింది. ఎక్కడో తిరిగి బొంకాడని డిపో అంతా చెప్పుకుంది. ఏడాదిన్నర తిరక్కుండానే మనిషీ పోయాడు. చెల్లెలు అన్న గడప తొక్కడం మానేసింది. విచారణ సాక్ష్యమని ఆ మెషీన్ దాచిన బీరువా జోలికే ఆయన వెళ్లేవాడు కాదు. లోపల ఎవరో తలుపు తీస్తారని ఎదురుచూస్తున్నట్టుండేది.

ఈమధ్య కొత్త లాప్‌టాప్‌లు వచ్చాయి. పాతవాటితో పోల్చి రిపోర్టివ్వమని కొత్త మేనేజరమ్మ ఒక కాగితం ఇచ్చింది. రెండు మెషీన్లూ ఆపి, అయిదు కిలోమీటర్లు తీసుకెళ్లి, పక్కపక్కన ఆన్ చేసి, నిమిషం నిమిషం తెరమీద ఏముందో రాయాలి. "టీకి వెళ్లకూడదు మావయ్యా," అని నవ్వింది కూడా. కొత్తొక వింత పాతొక రోత అని గొణుక్కుంటూ ఆయన బీరువా తెరిచాడు. మిగతా పాతవన్నీ బండ్లలోనే ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఏడో బండిదొక్కటే.

డిపోలో రెంటినీ ఆపి, జీపులో పెట్టుకుని ఊరి చివర దాకా వెళ్లి ఆన్ చేశాడు. కొత్తది చుక్క పెట్టలేదు, వెతుకుతున్నానంది. నలభై సెకన్లకి సరిగ్గా జీపున్న చోట చుక్క పెట్టింది. పాతది మాత్రం ఆన్ అవుతూనే చుక్క పెట్టేసింది. ఎక్కడా, డిపో మీద! అయిదు కిలోమీటర్ల వెనక, కదలకుండా. కొత్త చోటు తనకి తెలిసేదాకా, ఆఖరిసారి ఉన్న చోటునే అది ఇప్పటి చోటని చెబుతోంది.

ఆ తర్వాత ఆయన చేసింది కాగితంలో లేదు. కాలనీ గేటు దగ్గరికెళ్లాడు. పాతదాని చుక్క అక్కడికి చేరేదాకా ఆగి, ఆపేశాడు. వంతెన దాటి బంకుకెళ్లి, రేకుల కప్పు కింద వరసలో జీపు నిలిపి ఆన్ చేశాడు. చుక్క కాలనీ గేటు మీద వెలిగింది. ఒక నిమిషం. మూడు. ఏడు. చూస్తూ కూర్చున్నాడు. పక్క సీట్లో ఎవరో ఊపిరి పీల్చినట్టనిపించింది. తల తిప్పే ధైర్యం లేకపోయింది. "నిన్నే నమ్మాను బావా" అంటాడేమోనని భయం. పద్నాలుగో నిమిషంలో చుక్క గభాల్న వంతెన దాటి బంకు మీదికొచ్చింది. తన టీకి పట్టేది పావుగంట, ఆలోగా తప్పు దానంతటదే సర్దుకునేది.

మేనేజరమ్మ అంతా వింది. "పాతవెలాగూ తుక్కుకే పోతాయి మావయ్యా. ఆ కాగితం ఇప్పుడెవరు తిరగేస్తారు? రెండు నెలల్లో రిటైరవుతున్నారు," అంది. మనిషి మంచిదే, ఆయన మంచికోరే అంది. ఆయన పెన్ను అడిగి తీసుకుని రిపోర్టు చివర రాశాడు. మూడేళ్ల కిందట నేను పరీక్ష సరిగ్గా చెయ్యలేదు. ఏడో బండి డ్రైవర్ చెప్పింది నిజం. దాని నకలొకటి తీసుకుని చెల్లెలింటికి నడిచాడు.

చెల్లెలు కుట్టుమెషీన్ ముందుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు, టీ సంగతితో సహా. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"ఆయనకి నీమీద కోపమనుకున్నావా అన్నయ్యా?" అంది. "ఒక్క మాట అనలేదు. మీ అన్నయ్య చూసి ఖరారన్నాడంటే అది తప్పయ్యే పని కాదు, నేనే ఆవేళ ఎక్కడున్నానో మర్చిపోయానేమో అనేవాడు. నువ్వు బంకులోనే ఉన్నావయ్యా అని నేను మొత్తుకున్నా నమ్మలేదు. గుర్తొస్తుందేమోనని, పోయేదాకా రోజూ వెళ్లి ఆ బంకు దగ్గర నిలబడేవాడు."

ఖరారు మావయ్య అక్కడే గడపమీద కూలబడ్డాడు. చెల్లెలు లేచి, మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, మళ్లీ వెళ్లి కుట్టుపని మొదలుపెట్టింది.