లాజరు మాస్టారి మొదటి ప్రశ్న

లాజరు మాస్టారికి తిండి పిచ్చి. బళ్లో ఎవడు ఎవణ్ణి కొట్టినా, ఎవరి పలక పగిలినా ఆయన విచారణ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది: "పొద్దున్న ఏం తిన్నావు?" ఎందుకు కొట్టావని అడిగేవారు కాదు. ఎవరు మొదలుపెట్టారన్నది ఆయనకు అక్కర్లేదు. ఇడ్లీ అంటే ఎన్ని అనేవారు, చట్నీ ఏంటనేవారు. కొబ్బరి చట్నీ అని తెలిస్తే కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయేవారు. ఈలోగా ఫిర్యాదు తెచ్చినవాడు విసుగొచ్చి ఆటకు పోయేవాడు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఆయన్ని హెడ్మాస్టారు అనేవాళ్లు తక్కువ, టిఫిన్ మాస్టారు అనేవాళ్లు ఎక్కువ. ఒకసారి పైఆఫీసరు ఒకాయన రిజిస్టర్లు సరిగా లేవని చిందులు తొక్కుతూ వచ్చాడు. మాస్టారు లేచి నిలబడి, "పొద్దున్న ఏం తిన్నారండి?" అన్నారు. ఆఫీసరు తెల్లబోయాడు. తరువాత మాస్టారి క్యారేజీలోని పెసరట్టు తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. రిజిస్టర్లు భేషుగ్గా ఉన్నాయని రాసి వెళ్లాడు.

సత్యశ్రీ ఆ బడికి కొత్తగా వచ్చిన టీచరు. పిల్లల్ని అదుపులో పెట్టడం గురించి ట్రైనింగులో నేర్చుకున్నదంతా వెంట తెచ్చుకుంది. రెండో తరగతి గోడకు రంగుల చార్టు అంటించింది. బుద్ధిగా ఉన్నవాళ్లకు బంగారు స్టారు, అల్లరి చేసినవాళ్లకు ఎర్ర చుక్క. ఆటో చిట్టియ్య కొడుకు ఫిన్నీ మర్నాటికల్లా చార్టు మీది స్టార్లన్నీ పీకి నుదుటి నిండా అంటించుకుని, పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

"వాణ్ణేం చెయ్యాలి సార్?" అని అడిగింది.

"ఏం తిన్నాడో కనుక్కున్నారా అండీ?" అన్నారు మాస్టారు.

ఈయనతో ఎలా వేగాలిరా దేవుడా అనుకుంది సత్యశ్రీ. అయినా ఆమెకు ఒక సందేహం పట్టుకుంది. ఇంత తిండిపోతు మనిషి బక్కపల్చగా ఎలా ఉన్నాడు? రోజూ నాలుగు గిన్నెల క్యారేజీతో వస్తాడు, సాయంత్రం ఖాళీ క్యారేజీతో వెళ్తాడు. తినగా మాత్రం ఆమె ఒక్కనాడూ చూడలేదు.

ఆమెకు అసలు తలనొప్పి ఆదిత్య. ఊళ్లో పెద్దింటి పాపాయమ్మగారి మనవడు. పొద్దున బడి మొదలైన దగ్గర్నుంచీ బెంచీలు తన్నేవాడు, పక్కవాళ్ల జుట్టు లాగేవాడు. మధ్యాహ్న భోజనం అయ్యాక అదే పిల్లాడు చేతులు కట్టుకుని పద్యం అప్పజెప్పేవాడు. లెక్కలంటే భయమేమోనని ఆమె పొద్దుటి లెక్కల్ని మధ్యాహ్నానికి మార్చి, వాటి చోట తెలుగు పెట్టింది. తెలుగు పీరియడ్లో వాడు సుద్దముక్క నమిలాడు.

ఆమె ఫోన్ చేస్తే వాళ్ల నాన్న సత్యప్రసాద్ ఒకటే మాట అన్నాడు. "ఇంకో కంప్లైంట్ వస్తే హాస్టల్లో పడేస్తానండి. అక్కడే బాగుపడతాడు." ఎందుకు ఫోన్ చేశానా అని సత్యశ్రీ నొచ్చుకుంది. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోలేని పిల్లాడు హాస్టల్లో ఎలా ఉంటాడు?

ఇంకో కంప్లైంట్ రానే వచ్చింది. ఆదిత్య ఫిన్నీ చెయ్యి కరిచాడు. పళ్లు దిగిన కొడుకు చేతిని చూపిస్తూ చిట్టియ్య వరండాలో నిలబడ్డాడు. కబురు అందగానే సత్యప్రసాద్ తన రొయ్యల చెరువు మీంచి బండి మీద దూసుకొచ్చాడు. "బట్టలు సర్దమని ఇంట్లో చెప్పొచ్చానండి," అన్నాడు. ఆదిత్య ముఖంలో నెత్తురు లేదు.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆదిత్యా, పొద్దున్న ఏం తిన్నావు?"

పిల్లాడు తండ్రి వైపు చూసి, "పూరీ అండి," అన్నాడు.

"ఎన్ని?"

"వంద."

"కూరేంటి?"

వాడి చూపు బల్ల మీది క్యారేజీకి అతుక్కుపోయింది. సత్యశ్రీకి సుద్దముక్క గుర్తొచ్చింది. బెంచీలు, జుట్లు, మధ్యాహ్నం పద్యాలు అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"కరిచాడ్రా మొర్రో అంటే మధ్యలో తిండి గోలేంటండి మాస్టారూ!" సత్యప్రసాద్ గొంతు లేచింది. "మా ఇంట్లో తిండికి లోటా? వచ్చినోణ్ణి తినకుండా ఎప్పుడన్నా పంపామా?"

"అది కాదండీ, బాబు ఆకలి..." అని సత్యశ్రీ అనబోయింది. ఆ మాట పూర్తికాకముందే మాస్టారు బల్ల మీద గట్టిగా చరిచారు.

"ఆకలి నాదండి బాబూ! మీ అమ్మగారి దిబ్బరొట్టె ఊరంతా తిన్నారు, నేను తప్ప. ఏం పాపం చేశానండి? రేపట్నుంచి పిల్లాడి చేత రోజూ ఓ బాక్సు పంపించమనండి."

సత్యప్రసాద్ నోరు తెరిచాడు. "వీణ్ణి హాస్టల్‌కి..."

"పంపేస్తే నా రొట్టె ఎవరు మోసుకొస్తారండీ? కుదరదు. ఇంకో షరతు. తెచ్చినవాడు నా ముందే సగం తినాలి. ఉప్పు చూడొద్దూ?"

కొడుకు చేతి మీద గాటు కళ్లముందే ఉన్నా చిట్టియ్యకు నవ్వొచ్చేసింది. "ఆయ్, మాస్టారి నోరు ఊరిపోతందండి, పంపించెయ్యండి." సత్యప్రసాద్ కూడా తల కొట్టుకుని నవ్వాడు. హాస్టల్ మాట అప్పటికి ఆగింది.

అందరూ వెళ్లాక క్యారేజీలో పై గిన్నె ఆదిత్య ముందుకొచ్చింది. వాడు తింటుంటే సత్యశ్రీ మెల్లగా అడిగింది. "అంతమంది తినే ఇల్లు కదా సార్. వీడొక్కడికీ ఎందుకు లేదు?"

"అంతమంది తింటారు కాబట్టేనండి. నాన్నమ్మగారు తల్లి పెట్టిందనుకుంటారు. చెరువు మనుషులకి టిఫిన్లు కట్టే హడావిడిలో తల్లి, నాన్నమ్మ దగ్గర తిన్నాడనుకుంటుంది. తండ్రి ఇద్దరూ పెట్టారనుకుంటాడు. వీడికి అడగడం మొహమాటం."

"ఆ మాట వాళ్లతోనే అనొచ్చుగా?"

"ఆ ఇంటి పిల్లాడు ఆకలితో తిరుగుతున్నాడంటే పెద్దావిడ మంచం పడుతుందండి. అత్తా కోడళ్లు ఒకర్నొకరు అనుకుంటారు. చివరికి దెబ్బలు వీడికే. నన్ను తిండిపోతన్నారనుకోండి, ఎవరికేం నొప్పి?" మాస్టారు కిటికీలోంచి చెరువుల వైపు చూశారు. "రొయ్యకి మేత వేసి ఊరుకోరు కదండీ. కాస్త మేత పెట్టి ముంచిన చెక్ ట్రే నీళ్లలోంచి పైకెత్తి, తిన్నదా మిగిల్చిందా అని చూస్తారు. పిల్లాడి దగ్గర ఆ పని మనం చెయ్యాలి."

మర్నాడు బాక్సు రాలేదు, పాపాయమ్మగారే ఆటోలో దిగారు. వెనకాల చిట్టియ్య రెండు చేతులా గిన్నెలు మోసుకొచ్చాడు. "ఇన్నాళ్లూ అడగడానికి ఏం వచ్చిందండీ మీకు?" అని ఆవిడ మాస్టార్ని అందరి ముందూ చెడామడా తిట్టారు. ఆ కోపంలో ఎంత సంతోషం ఉందో చూసి సత్యశ్రీ తల తిప్పుకుని నవ్వుకుంది.

ఆదిత్య తన సగం తిన్నాడు. మిగతా సగంలో ముందు వాటా ఫిన్నీకి, కరిపించుకున్నందుకు. తరువాత, ఏం తిన్నావంటే నేల చూపులు చూసిన ప్రతివాడికీ ఒక ముక్క. ఆఖరికి గిన్నె అడుగున మరక తప్ప ఏమీ లేదు. మాస్టారు బీరువా తలుపు చాటున చిన్న డబ్బాలోంచి చప్పటి రాగిజావ తాగుతూ సత్యశ్రీకి దొరికిపోయారు.

"సార్! మీ రొట్టె?"

"షుగరండి," అన్నారు ఆయన దొంగలా. "రొట్టె మానేసి ఏళ్లయిపోయింది. కొబ్బరి చట్నీ మాట వింటే మాత్రం ఇప్పటికీ మనసు ఆగదు. ఎవరికీ చెప్పకండే!"

ఆ తరువాత ఆదిత్య ఎవర్నీ కరవలేదు. సర్దిన బట్టలు మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయాయి. ఊళ్లో టిఫిన్ మాస్టారి తిండిపోతుతనం గురించి కథలు మాత్రం ఇంకా పెరిగాయి.

ఒక వానరోజు సత్యశ్రీ బస్సు కోసం పరిగెత్తి, తడిసి, చిరాకుగా తరగతిలోకి వచ్చింది. పెన్సిల్ కింద పడేసినందుకు ముందు బెంచీలోని తబితను గట్టిగా కసిరింది. ఎన్నడూ పల్లెత్తు మాట పడని పిల్ల, కళ్లు నింపుకుంది. తరగతంతా బిగుసుకుపోయింది.

ఆదిత్య లేచాడు. అచ్చం మాస్టారిలా చేతులు వెనక్కి కట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"టీచర్ గారండీ, పొద్దున్న ఏం తిన్నారండి?"

సత్యశ్రీ ఆలోచించింది. టీ కూడా సగంలో వదిలేసి వచ్చింది. "ఏమీ తినలేదురా," అంది చిన్నగా. తబితను దగ్గరికి తీసుకుని కన్నీళ్లు తుడిచింది.

ఆదిత్య బాక్సు మూత తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చెయ్యి చాపబోతే అడ్డం పెట్టాడు.

"ఉండండి. ముందు నేను ఉప్పు చూడాలండి," అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

పక్క గదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. "చట్నీ ఏంట్రా?"