టెస్టర్ దీపంతో నిలదీసిన మాస్టారు

మొన్న పొద్దున తెనాలి నుంచి ఫోను. లాబ్ మాస్టారు పోయారు. ఏడ్చాను. ఏడుస్తూనే మా అమ్మాయీ నేనూ ఆ రోజు సంగతి చెప్పుకుని పకపకా నవ్వాం. మహానుభావుడు, మాకు అంత ఆనందం ఇచ్చి వెళ్లారు.

రేపల్లెలో నాది మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ కొట్టు. చదివింది ఏడో తరగతి. అమ్మాయి బాపట్లలో ఎమ్మెస్సీ చదివేది. వాళ్ల లాబ్‌కి టిఫిన్ డబ్బా అంత స్పెక్ట్రోమీటరు వచ్చింది. లోపలికి పోయిన వెలుగు ఏ రంగుదో అంకెల్లో చెప్పే మిషన్. ఆ అంకెలు ఒక్కో రంగు దగ్గర ఒక్కోలా తప్పుతున్నాయని అమ్మాయి ప్రాజెక్టులో రాసింది. ప్రొఫెసరు అందరి ముందూ దాన్ని విసిరేసి, "మోటార్లు చుట్టేవాడి కూతురివి, కొత్త మిషన్‌కి వంకలు పెడతావా? వచ్చే ఏడు రా, పో" అన్నాడట.

పిల్లకి ఏడాది పోతుంది! వాడి కాలరు పట్టుకుందామనే బస్సెక్కాను. వరండాలో లాబ్ మాస్టారు ఆపారు. లెన్సు ముట్టుకునే ముందు వేళ్లు బనియనుకి తుడుచుకునే మనిషి.

"మిషన్‌ని అరగంట వేడెక్కనిచ్చాకే నమ్ముతామండి. మీరేమో అరగంట చల్లారాలి. కూర్చోండి అన్నగారూ."

"చల్లారితే కొట్టలేనండి!"

"కొట్టడం దేనికి? ఆయన చేతే చదివిద్దాం. జేబులో అదేంటి, టెస్టరేనా?"

కరెంటు చూసుకునే నా టెస్టర్‌లో వెలిగే చిన్న నారింజ దీపం నియాన్ దీపమట. "దాని వెలుగుని మిషన్‌లోకి పంపితే రంగు గీతలు ఎక్కడ పడాలో అక్కడే పడతాయండి. ప్రొఫెసరు కసిరినా జరగవు" అన్నారు.

మాస్టారు ప్రొఫెసరుని లాబ్‌లో మిషన్ దగ్గరికి పిలిచారు. టెస్టర్ సాకెట్లో పెట్టి నేనే పట్టుకున్నాను. ఆరువందల నలభై అంకె దగ్గర పడాల్సిన ఎర్రగీత ఆరువందల నలభై ఆరు దగ్గర పడింది.

"అన్నిట్లో ఆరు తీసేస్తే సరి" అన్నాడు ప్రొఫెసరు.

"అయితే ఈ ట్యూబులైటు నీలిగీత చదవండి సార్" అన్నారు మాస్టారు.

అక్కడ తేడా రెండే!

"ఆరు తీస్తే నీలం చెడుతుంది కదండీ. ఒక్క గీతతో కుదరదు, అన్నీ చూసి లెక్క కట్టాలి. పాప రాసింది అదే. అన్నట్టు, తెనాలి నుంచి దీన్ని స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని, గుంతల్లో కుదిపి తెచ్చిందెవరండీ?"

తెచ్చింది ప్రొఫెసరే! లాబ్ అంతా గొల్లుమంది. ప్రాజెక్టు పాసైంది. ఇప్పుడు మా అమ్మాయి ఫిజిక్సు పాఠాలు చెబుతోంది! క్షమించాలంటారు పెద్దలు. నేను ఆ ప్రొఫెసరుని క్షమించలేదు, క్షమించను. మాస్టారు నాకు ఆ అవసరం లేకుండా చేశారు.

ఆ రోజు వదల్లేదాయన. గీత గీతా చదివించారు. ప్రొఫెసరు నడుం వంచి, కళ్లజోడు నుదుటికెత్తి అంకెలు చదువుతున్నాడు. మా అమ్మాయి కుర్చీలో కూర్చుని రాసుకుంటోంది.

"మళ్లీ చెప్పండి సార్, వినపడలేదు" అంది.

దానికి వినపడిందని నాకు తెలుసు.