నీలం మూత బావి

అప్పట్లో నా సైన్యాన్ని మిఠాయి డబ్బాలో దాచి తీసుకెళ్లేవాణ్ని. బల్ల మీద యుద్ధం ఆడుకునే వేలెడంత బొమ్మ సైనికులు. ఒక్కొక్కరికీ నేనే రంగులు వేశాను. నలభై దాటిన లెక్చరరు చేతిలో బొమ్మలు చూస్తే జనం నవ్వుతారని భయం.

కడప నుంచి కర్నూలు వస్తున్న బస్సు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డంగా పడిందట. నాది కిటికీ సీటు. పక్కన ఒళ్లో మూటతో ఒక పెద్దాయన. లేచే దారి లేదు. గంట గడిచాక ఆయన చూపు డబ్బా మీద పడింది. మిఠాయి చేతిలో పెట్టుకొని పక్కవాళ్లకు పెట్టకపోవడం మా వైపు తప్పు.

"ఏమప్పా, శుభకార్యమా?"

తప్పక తెరిచాను. ఆయన నవ్వలేదు. ఆట గురించి అడిగి తెలుసుకొని, ఒక గుర్రపు రౌతును అరచేతిలో నిలబెట్టుకున్నాడు.

"ఈళ్లకు నీళ్లు యాడుండాయి?"

"ఆటలో నీళ్లుండవు పెద్దాయనా."

"కొండలుండాయంటివి, కోట ఉండాదంటివి, నీళ్లు లేవా? మన మాదిరి చిక్కుకుంటే కత్తికంటే ముందు దప్పికే సంపుతాదప్పా."

తన సీసాలో మిగిలిన నీళ్లు సగం తాగి సగం నాకిచ్చాడు. దాని నీలం మూతను సైనికుల మధ్య పెట్టాడు.

"ఇదో, బాయి."

ఇప్పుడు ఆదివారాలు కర్నూల్లో ఒక ఫంక్షన్ హాల్లో బల్లలు కలిపి ఆడుతున్నాం. డాక్టర్లు, టీచరమ్మలు, తండ్రీకూతుళ్లు వస్తారు. ఎవరూ ఏదీ దాచుకోరు. అందమైన బావి చేసి తెస్తామన్నారు కొందరు. వద్దన్నాను. బల్ల మధ్యలో ఆ నీలం మూతే ఉంటుంది.

ఆటలో కోట కోసం ఇప్పుడెవరూ చావరు. ఆ బావి కోసమే చస్తారు.