పాదాలు చూసి పలకాలి

మా పక్కింటి ఎర్లీన్ పిన్ని నోరు ఊరందరికీ తెలుసు. కోకో కోతకు దిగిందంటే ఆవిడ కేక కొండ అవతలికి వినిపించేది. అలాంటి మనిషి పొద్దు వాలాక మాత్రం పిల్లల్ని పేరుపెట్టి పిలవదు, చప్పట్లు కొడుతుంది. అడవి అంచున డ్వెన్‌లు చెవులు రిక్కించుకుని ఉంటారట. బాప్తిస్మం కాకముందే పోయిన పసివాళ్లు. నెత్తిన పెద్ద గడ్డి టోపీ, దాని కింద మొహం ఉండదు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. పేరు వాళ్ల చెవిన పడిందా, మన గొంతుతోనే పిలిచి బిడ్డను తీసుకుపోతారు. నేను నవ్వేవాణ్ని, పగటిపూట.

పిన్ని మనవరాలు కెజాయాకు ఆరేళ్లు. పట్నంలో నర్సుగా చేసే తల్లి టాబ్లెట్ కొనిచ్చింది. అందులో ఇళ్లు కట్టే ఆట; ఎక్కడెక్కడివాళ్లో మాట్లాడుకుంటూ ఆడతారు. బళ్లో టీచరమ్మ ఇంటర్నెట్ బొమ్మ గీయమంటే మిగతా పిల్లలు ఫోన్లు, తీగలు గీశారు. ఇది అడవి గీసింది, చెట్టుకో టోపీ.

"ఆటలో వాళ్లకి పేరు చెప్పకూడదు," అని నాకే బోధించింది. "ఏ బడి అని అడుగుతారు. నేను చెప్తానా ఏంటి?"

"నా మనవరాలంటే ఏమనుకున్నావురా," అని పిన్ని మురిసిపోయింది. నిజంగానే ఆ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒక సాయంత్రం రేకుల మీద వాన. నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. కెజాయా మూల కూర్చుని ఆ ఆట ఆడుతోంది. పిన్ని కలాలూ ఆకుకూర పులుసు కుండ దించి, వాన హోరుకు గొంతు పెంచి కేకేసింది.

"కెజాయా, తిండి చల్లారిపోతోంది, రావే."

ఆవిడ లెక్కలో నాలుగు గోడల మధ్య అన్న పేరు బయటికి పోదు.

టాబ్లెట్‌లోంచి పసిగొంతు ఒకటి పలికింది, అచ్చం ఆ సాగదీతతోనే. "కెజాయా, తిండి చల్లారిపోతోంది, రావే." కాసేపాగి, "మీ అమ్మమ్మేనా? ఇంట్లో ఇంకెవరున్నారు?"

పిన్ని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేనే వెళ్లి టాబ్లెట్‌ను ఆపేశాను. ఆపాక కూడా ముగ్గురం దానివైపే చూస్తూ కూర్చున్నాం.

"నేను చెప్పలేదు," అంది కెజాయా. ఏడవలేదు. "నువ్వే చెప్పావు అమ్మమ్మా."

తల్లి ఆ ఆట తీసేసింది. టీచరమ్మ ఇంటికొచ్చి, అది డ్వెన్ కాదు, ఎక్కడో ఉన్న మామూలు మనిషే అని నచ్చజెప్పింది.

"మనిషైతే మరీ భయం కదమ్మా," అంది పిన్ని.

ఇప్పుడు పట్టపగలు పిలిచినా కెజాయా వెంటనే రాదు. తలుపు చాటున నిలబడి ముందు అమ్మమ్మ పాదాలకేసి చూస్తుంది. పిన్ని తన గౌను అంచు పైకెత్తి, ఆ పిల్ల నమ్మేదాకా అలాగే నిలబడుతుంది.