జాతర చీరలోనే ఆసుపత్రికి వచ్చిన నాయన

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. తిరుపతి గంగ జాతరలో మగవాళ్లు ఆడవేషం వేసి మొక్కు తీర్చుకుంటారు. జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న తమ్ముడి కోసం నాయన కూడా అమ్మ చీర కట్టుకుని గుడికి వెళ్లాడు. ఆయన అక్కడ ఉండగానే తమ్ముడు పోయాడు. ఫోన్ చేసి రమ్మన్నాను గాని, ఆ మాట చెప్పలేకపోయాను.

పూలజడతో, చేతినిండా గాజులతో పరిగెత్తుకొచ్చిన నాయనను చూసి వరండాలో ఎవరో నవ్వారు.

"మొక్కు తీర్చేసినాను పాపా, ఇంక వాడికి నయమైపోతాది" అన్నాడు.

నా ఏడుపు చూసి ఆయనకు అర్థమైంది. నేలమీద కూలబడి గంగమ్మను నోటికొచ్చిన బూతులు తిట్టాడు.

"జాతరలో అమ్మోర్ని తిట్టేది ఆచారమేలేప్పా" అని వాచ్‌మన్ పక్కవాళ్లకు చెబుతున్నాడు. ఇది ఆచారం కాదు. నేనూ నాయన పక్కనే నేలమీద కూర్చున్నాను.

ఇప్పుడు వేషాలు మా వీధికి వస్తే నాయన లేచి లోపలికి వెళ్లిపోతాడు. ఆ తల్లిని మళ్లీ తిట్టనూ లేదు, మొక్కనూ లేదు.