అన్న మోకాలి ఫొటో

మా అన్నకు ఆ దెబ్బ తగిలింది రజాకార్ల రోజుల్లో. బోయిగూడలో పొద్దుగూకకముందే తలుపులు పడుతున్న ఎండాకాలం అది. సికింద్రాబాద్ స్టేషన్ బయట పోలీసులూ రజాకార్లూ జనాన్ని చెదరగొడుతుంటే ఎవరిదో లాఠీ వచ్చి ఎడమ మోకాలి మీద పడింది. కొట్టినవాడి మొహం కూడా అన్న చూడలేదు. వాపు మాత్రం దిగలేదు.

దాంతో అన్న మా బస్తీలో పెద్దమనిషి అయిపోయాడు. మీసం కూడా సరిగా మొలవని మనిషిని చూడడానికి చర్చి పెద్దలు అరటిపళ్లు పట్టుకొని వచ్చేవారు. అన్న లుంగీ పైకి లాగి మోకాలు చూపించి కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ లాఠీ కొంచెం పొడుగయ్యేది. నేను నవ్వితే కళ్లురిమేవాడు. అమ్మ మాత్రం ఆ కొట్టినవాణ్ణి రోజూ తిట్టేది. ప్రార్థన ముగించి ఆమెన్ పలికిన నోటితోనే "వాని చెయ్యి పడిపోను" అనేది. బడిపంతులైన మా నాయన విననట్టు బైబిలు మూసేవాడు.

మా దగ్గర ఎముకకు దెబ్బ తగిలితే ముందు కట్టు కట్టే పహిల్వాన్ దగ్గరికే పోతారు. ఆయన నూనె పోసి మోకాలు తోమి, గుడ్డుసొన పూసిన గుడ్డ బిగించేవాడు. అన్న కేకలు వినలేక నేను వీధి చివరికి పారిపోయేదాన్ని. వాపు తగ్గకపోగా పెరిగింది. ముట్టుకుంటే వేడి. రాత్రిళ్లు నిద్ర కరువైంది.

చివరికి నాయన ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఎక్స్‌రే మిషన్ ఉంది, ఫిల్ములు లేవు. నిజాం లొంగాలని యూనియన్ సర్కారు బయటి నుంచి సంస్థానానికి సరుకు రానివ్వడం లేదు. మందులకే గతి లేదు, ఫిల్ములెక్కడివి? "రైళ్లు షురూ అయినంక తీసుకరాండ్రి సార్" అని కాంపౌండర్ పంపేశాడు. మళ్లీ పహిల్వానే దిక్కయ్యాడు. నాకు ఆ పహిల్వాన్ మీద కోపం, సరుకు ఆపినవాళ్ల మీద కోపం. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

పోలీస్ యాక్షన్ అయిపోయింది. వీధిలో మిఠాయి పంచారు. అప్పటికే నడవలేని అన్నను కుర్చీతో సహా మోసుకెళ్లి దండ వేశారు. అన్న ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

రైళ్లు నడిచాయి, ఫిల్ములు వచ్చాయి. డాక్టరు అన్నను బయటి బల్ల మీద పడుకోబెట్టించి, మమ్మల్ని గదిలోకి పిలిచి, ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. ఎముక ఎక్కడా విరగలేదు. మోకాలికి కొంచెం పైన మాత్రం దాని అంచు చెదిరి, మొక్కజొన్న కంకి పీచులాగా సన్నటి తెల్లగీతలు బయటికి పొడుచుకొచ్చాయి.

"ఇది దెబ్బ కాదు సార్" అన్నాడు డాక్టరు నాయనతో. "ఎముకల పుట్టిన గడ్డ. శాన తక్కువ మందికి వస్తది. లాఠీ పడకముందే ఉన్నట్టుంది. దెబ్బ తగిలేసరికి బయటపడ్డది."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, మా అన్నకు జరిగింది అదే.

"కాలు తీసేస్తే బతుకుతడా?" నాయన అడిగాడు.

డాక్టరు రెండో ఫిల్ము ఎత్తాడు. అది ఛాతీది. గడ్డ అక్కడికీ పాకింది, ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు. "ఎండాకాలంల చూసుంటే జెర ఆశ ఉండె" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. "కొట్టినోని తప్పు కాదంటే ఎట్ల సారూ? ఇగ నేను ఎవర్ని తిట్టాలె?" అని అడిగింది. ఆయన ఫిల్ములు కవర్లో పెట్టి నాయన చేతికిచ్చాడు.

బయట బల్ల మీద అన్న మోచేతుల మీద లేచి చూస్తున్నాడు. "ఏమన్నడే అమ్మా? ఫొటోల ఏం పడ్డది?"

"దెబ్బనే బిడ్డా" అంది అమ్మ. "గట్టి దెబ్బనంట. ఇంకొకరైతే ఆడనే పడిపోతుండెనంట."

అన్న మొహం వెలిగింది. అబద్ధమాడితే బెత్తం అందుకునే నాయన కవరు చంకలో పెట్టుకొని గోడ వైపు తిరిగాడు. నేనూ నోరెత్తలేదు. నిజం చెబితే ఆ దండ కూడా లాక్కున్నట్టయ్యేది.

అన్న క్రిస్మస్ చూడలేదు. ఆ కొద్దికాలమూ అమ్మ తిట్లు ఆపలేదు. మంచంలో ఉన్న అన్నకు వినబడాలని ఇంకా గొంతు పెంచి, కొట్టినవాడి చెయ్యి పడిపోవాలని తిట్టేది. అన్నను పూడ్చి వచ్చిన రోజు నుంచి ఆ తిట్లు ఆగిపోయాయి. ప్రార్థనకు మాత్రం మాతోపాటే కూర్చునేది, కళ్లు మూసుకునేది. కానీ డాక్టరు ఫిల్ము చూపించిన నాటి నుంచి ఆమె నోట ఆమెన్ అనే మాట నేను మళ్లీ వినలేదు.