మామ్మ కథకి ఊ కొట్టినవాళ్ళం

కబురు మామ్మ ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున్నే కోరాపుట్‌లో పనికి బయల్దేరుతుంటే ఆవిడ నంబరు నుంచి వాయిస్ మెసేజ్ కనబడింది. కథలో తరవాతి ముక్క అనుకుని చెప్పులు వేసుకుంటూనే నొక్కాను. గొంతు మామ్మది కాదు. ఆవిడ పక్క వాటాలో అద్దెకుండే రైల్వే గార్డు గారి భార్యది. "అమ్మీ, మౌసీ ఎల్లిపోయింది. నిద్దర్లోనే. నువ్వు రా" అంది. ఆవిడ ఒడియా మనిషి, మామ్మని మౌసీ అని పిలిచేది, తెలుగు మామ్మ దగ్గరే నేర్చుకుంది. అందుకని ఆ నాలుగు ముక్కలూ కూడా మామ్మ మాటల్లాగే ఉన్నాయి.

రాయగడలో స్టేషన్ వెనక వీధిలో మా ఇల్లూ మామ్మ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ భర్త పాయింట్స్‌మన్, మా నాన్నదీ రైల్వేలోనే పని. మా అమ్మ చేతి పప్పు నాకెంత తెలుసో, మామ్మ చేతి చారూ అంతే తెలుసు.

ఆవిడకి రేడియో అంటే ప్రాణం, దాంతోపాటు మర్యాద కూడా. లోపల మనిషి మాట్లాడుతుండగా రేడియో కట్టేసేది కాదు. అన్నం మాడిపోతున్నా సరే. "పాపం మాటాడతంటే నోరు నొక్కీడమేటి? ఆ ముక్క అవనీ" అనేది. వార్తలు చదివేవాళ్ళకి ఊ కొట్టేది కూడా. వరదలంటే "అయ్యో" అనేది, ధరలు పెరిగాయంటే "పెరగవేటి మరి" అనేది. మేం నవ్వితే ఏమీ అనుకునేది కాదు.

మామ్మ దగ్గర ఒక పొడుగాటి కథ ఉండేది. పార్వతీపురం దగ్గర ఆవిడ పుట్టిన పల్లెలో వాళ్ళమ్మ చెప్పిన కథ. అంబలిలోకి ఉప్పు లేక, ఒక కోడలు ఉప్పు కోసం కొండల మీది సంతకి వెళ్తుంది. తిరుగు దారి తప్పి ఊరూరూ తిరుగుతుంది. ప్రతి ఊళ్ళోనూ వేరే భాష. ఒక మాట ఇచ్చి ఒక మాట పుచ్చుకుంటూ నడుస్తుంది. ముక్క చెప్పి మామ్మ ఆగేది. మేం ఊ అంటేనే కోడలు అడుగు ముందుకేసేది. అన్నం వేళైతే మధ్యలో ఆపేసి పంపించేది కాబట్టి కథ చివర చిన్నప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పేది. "కథ కంచికి, మనమింటికి అన్నాక మాత్తరం ఊ కొట్టకూడదు. కొడితే ఎల్లిపోయిన కథ ఎనక్కొచ్చీస్తాది. మల్లీ మొదట్నించీ సెప్పాల."

పెద్దయ్యాక నాకు కోరాపుట్‌లో ఒక చిన్న రేడియో స్టేషన్‌లో పని దొరికింది. వారానికోసారి తెలుగు అరగంట నాది. ఆ కథ మొత్తం తెలిసిన మనిషి, నాకు తెలిసినంతలో, మామ్మ ఒక్కతే. ఆవిడతోనే పోకూడదని స్టూడియోకి తీసుకెళ్ళాను. కొత్త చీర కట్టుకుని వచ్చింది. అద్దాల గదిలో కూర్చోబెట్టాం. సౌండ్ చూసే ఆయన అద్దానికి ఇవతల నుంచి చెయ్యి ఊపాడు. మామ్మ మొదటి ముక్క చెప్పి ఆగింది. ఆయన మళ్ళీ చెయ్యి ఊపాడు. మామ్మ కూడా మర్యాదగా చెయ్యి ఊపింది.

"ఏటి బాబూ, నాను సెప్తంటే ఒక్కలూ ఊ కొట్టరేటి? ఇంటన్నారో పడుకున్నారో నాకెలా తెలుస్తాది?" అంది చివరికి.

నేను లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఊ అన్నాను. అప్పుడు నడిచింది కథ, సగం దాకా. ప్రసారం చేసే ముందు నా ఊలన్నీ చప్పుడు కింద లెక్కగట్టి కంప్యూటరు తుడిచేసింది. ఆదివారం మామ్మ అరుగు మీద కూర్చుని అందరం విన్నాం. రేడియోలో ఆవిడ గొంతు ఆగినచోటల్లా ఖాళీ. మామ్మ ఊరుకుంటుందా? తన కథకి తనే "ఊ" అంది. రెండోసారి గార్డు గారి భార్య తన అలవాటు ప్రకారం "హఁ" అంది. "ఊ అయినా, హఁ అయినా కథకి తెలిసిపోద్ది" అని మామ్మ మెచ్చుకుంది. తరవాత నాతో అంది: "దాసినావు, బాగుంది. ఊరగాయ జాడీలో ఎట్టి అటకెక్కించీస్తే సాలదమ్మి, ఎవులో ఒకలు అన్నంలో కలుపుకోవాల."

మిగతా సగానికి కోరాపుట్ దాకా రాలేకపోయింది, మోకాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని వాయిస్ మెసేజ్ పంపడం నేర్పాను. నాకంటే తొందరగా నేర్చుకుంది. ఒక ముక్క పంపేది, నా ఊ వచ్చేదాకా రెండోది పంపేది కాదు. ఒకసారి పనిలో పడి విని ఊరుకున్నాను. సాయంత్రం చీవాట్లు వచ్చాయి: "నీలం గీతలు పడితే ఊ కొట్టినట్టా? గీతకి నోరుందేటి?"

మామ్మ ఆఖరి ముక్క పంపినప్పుడు నేను లక్ష్మీపూర్ దాటి ఘాట్‌లో బస్సులో ఉన్నాను. సిగ్నల్ లేదు. ఇంటికొచ్చాక విన్నాను. నెత్తిన ఉప్పుమూటతో కోడలు ఏటి ఒడ్డున నిలబడింది, ఏరు పొంగుతోంది, పైన వాన. నేను ఊ పంపాను. టిక్కులు రెండు పడ్డాయి గాని నీలం కాలేదు. మర్నాడు పొద్దున్నే ఆ కబురు. మామ్మ పోయినందుకు ఏడ్చాను. ఆ కోడల్ని ఒడ్డునే వదిలేశామని కూడా ఏడ్చాను. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

కర్మలన్నీ అయిన మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాం. మామ్మ కొడుకూ కోడలూ, నేనూ, గార్డు గారి భార్యా. కథ సగంలో పోయిందని నేనంటే గార్డు గారి భార్య వింతగా చూసింది.

"పోలేదు కదా. నీకు పంపే ముందర మౌసీ నాకు సెప్పేది. నాను హఁ అన్నాకే ఫోన్ పట్టేది. ఎల్లిపోయిన రేతిరి ఆకరిదాకా సెప్పింది."

నేను ఫోన్‌లో రికార్డు నొక్కి మధ్యలో పెట్టాను. ఆవిడ కొంగు సర్దుకుని, సగం తెలుగూ సగం ఒడియాలో మొదలుపెట్టింది. ఏరు తగ్గేదాకా కోడలు వానలోనే ఉంది. "ఊ" అన్నాడు మామ్మ కొడుకు. ఇల్లు చేరేసరికి ఉప్పంతా కరిగిపోయింది. "ఊ" అన్నాం. ఒట్టి గుడ్డ మిగిలింది. కోడలు ఏడుస్తోంది. అత్త ఆ గుడ్డ తీసుకుని అంబలి కుండలో ముంచి పిండింది.

"అంబలికి ఉప్పు తగిలింది. అందరూ తాగీసేరు" అంది గార్డు గారి భార్య. మామ్మలాగే చేతులు దులుపుకుంది. "కథ కంచికి, మనమింటికి."

రికార్డు ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఊ కొడితే కథ వెనక్కొస్తుందన్న నియమం అక్కడున్న అందరికీ తెలుసు.

నేను "ఊ" అన్నాను.